కువైట్ వయసు

జానీబీకి రెండు వయసులు. తల్లి కన్న నాటి నుంచి లెక్కేస్తే నలభై తొమ్మిది, ఏజెంటు ఇచ్చిన ప్రకారమైతే యాభై తొమ్మిది. మొదటిది ఒంట్లో ఉంది, రెండోది ఆధార్ కార్డులో ఉంది. ఒంటికంటే కార్డుకే విలువ ఎక్కువైన కాలం కాబట్టి, ప్రొద్దుటూరు పత్తి జిన్నింగు మిల్లులో పద్నాలుగేండ్లు పనిచేసిన మనిషి ఒకనాటి పొద్దున గేటు దగ్గర ముసలిదైపోయింది.

కడప జిల్లాలో ఈ రెండో వయసుకు పేరు కూడా ఉంది. కువైట్ వయసు అంటారు. ముప్పై నిండని ఆడదాన్ని ఇంటిపనికి అరబ్బు దేశాలకు పంపకూడదని ఒక నిబంధన పెట్టారు, ఆడవాళ్ళను కాపాడటానికట. ఏజెంటుకు అది ఒక్క కలంపోటు పని. ఇరవై మూడేండ్ల జానీబీకి పాస్‌పోర్టులో పదేండ్లు కలిపి, "కలిపితే నీ సొమ్మేం పోతాదిమ్మా, అందరికీ కలిపేదే" అన్నాడు. తిరిగొచ్చాక ఆధార్ తీసేవాడు పాస్‌పోర్టు చూసి అదే ఎక్కించాడు. తల్లి మాబున్నికి కార్డులో అరవై ఏడు. ఆ లెక్కన మాబున్ని ఎనిమిదేండ్లకే ఈ కూతుర్ని కనింది. మతి ఉన్నవాడెవడైనా రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వుతాడు. పెట్టి చూసేవాడే లేడు.

జానీబీ మెత్తటి మనిషి కాదు. అది ముందే చెప్పాలి. కువైట్‌లో మేడం ఒకరోజు కోపమొచ్చి కాలే ఇస్త్రీపెట్టె ఆమె ముంజేతికి ఆనించింది. జానీబీ అదే చేత్తో పెట్టె లాక్కుని మేడం భుజానికి ఆనించింది. నాలుగు నెలలు జైల్లో పెట్టి విమానమెక్కించారు. మొగుడు గఫూర్ పెళ్ళైన కొత్తలో ఒక్కసారే చెయ్యెత్తాడు. ఆమె అట్లకాడతో ఇచ్చిన జవాబుకు అతని ముక్కుదూలం పక్కకు తిరిగింది, చచ్చేదాకా అట్లనే ఉండిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ బాగానే కాపురం చేశారు.

మిల్లులో కూడా ఆమె చెయ్యి అట్లాంటిదే. పత్తిని మిషన్లోకి తోసేటప్పుడు రోలర్ల శబ్దం మారితే ఆమెకు తెలుస్తుంది. కిందటేడు సుధ అనే కోడలి వయసు పిల్ల కొంగు రోలర్లలో పడింది. కొంగు వెంటే చెయ్యి లోపలికి పోయింది. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే జానీబీ స్విచ్చి కొట్టి, సుధ జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చింది. రెండు వేళ్ళు మిషనుకు పోయాయి, మనిషి దక్కింది. మొహం నిండా నెత్తురు చిమ్మిన పత్తి అంటుకుని ఉండగానే, "కొంగు దోపుకోమని ఎన్నిసార్లు చెప్పినానే" అని సుధ చెంప పగలగొట్టింది. ఆ తర్వాత సుధ తల్లి వచ్చి ఈమె కాళ్ళు పట్టుకుంది.

కూలీలను పెట్టే కాంట్రాక్టు ఈ ఏడు చంద్రమోహన్ చేతికి వచ్చింది. వచ్చిన వారానికే కార్డులన్నీ తెప్పించుకుని, యాభై ఎనిమిది దాటినవాళ్ళకు ఇన్సూరెన్స్ వర్తించదని పదకొండు మందిని గేటు బయట నిలబెట్టాడు. పదిమంది ఏడ్చుకుంటూ పోయారు. జానీబీ పోలేదు. గేటు తోసుకుని లోపలికి నడిచింది. కాపలా బాలయ్య లాఠీ అడ్డం పెట్టాడు. ఆమె లాఠీ పట్టుకుంది. బాలయ్య జుట్టుకు రంగేసుకుని తమ్ముడి కార్డు మీద పనిచేస్తున్నాడని, వాడికి అరవై నాలుగని మిల్లులో ఆడవాళ్ళందరికీ తెలుసు. కాంట్రాక్టరు మేడమీద నుంచి చూస్తున్నాడు గనుక, తానింకా వయసులోనే ఉన్నానని చూపించాల్సిన అవసరం బాలయ్యకు పడింది. మోకాటి మీద ఒకటి, వీపు మీద రెండు వేశాడు. ఆమె వాడి పెదవి చీలేటట్టు గుద్దింది. ఇద్దరు వయసు మళ్ళినవాళ్ళు ఒక గేటు కోసం దుమ్ములో పడి కొట్టుకున్నారు. నోరు తెరిచి ఒక్క మాటంటే బాలయ్య ఉద్యోగం కూడా ఆ పూటే ఊడేది. అనలేదు. మొహం మీద కొట్టడమే తప్ప కడుపు మీద కొట్టడం ఆమెకు చేతకాదు.

గొడవ విని చంద్రమోహన్ కిందికి దిగాడు. "ఏంది జానీబీ ఈ రచ్చ? నేనేం పగబట్టి తీసేసినానా? నీ కార్డులో యాభై తొమ్మిదుంది."

"అది కువైట్ వయసప్పా. నాకు నలభై తొమ్మిదే."

"నోటితో చెప్తే యాడ చెల్లుతాది? సర్కారు ముద్ర ఉండే కాయితం పట్టుకరా. నలభై తొమ్మిదని ఉంటే ఆ పూటే మిషన్ కాడికి పో. ఇంతమంది ముందర చెప్తాండా."

అందరూ విన్నారు. జానీబీ దాన్ని గట్టిగా పట్టుకుంది.

ముందు ఆధార్ సెంటరుకు పోయింది. పుట్టిన తేదీ కాగితం లేకపోతే సిస్టం తీసుకోదన్నాడు అక్కడి పిల్లగాడు. మూడో తరగతి దాకా చదివిన బడి కొండాపురం దగ్గర పల్లెలో ఉండేది. ఆ పల్లె గండికోట రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. బడి రికార్డులు యాడున్నాయని నాలుగు ఆఫీసుల్లో అడిగితే నాలుగు వేళ్ళు నాలుగు దిక్కులు చూపించాయి. ఈలోగా కడుపు ఊరుకోదు గదా. పులివెందుల పక్కన అరటి గెలలు ప్యాకింగు చేసే షెడ్డుకు పోతే, మేస్త్రీ ఆమె కార్డు కూడా చూడలేదు, నెరిసిన నెత్తి చూశాడు. "అవ్వా, గెల నీమీద పడితే నీకంటే నాకు కష్టం" అన్నాడు. జమ్మలమడుగులో బండలు పాలిష్ పట్టే చోట మూడు రోజులు చేయించుకుని, నాలుగో రోజు వయసు పిల్లలు దొరికారని పంపించేశారు. బాలయ్య కొట్టిన మోకాలు అప్పటికి బుడ్డలా వాచింది.

మూడో వారం ఒక మధ్యాహ్నం మోకాటికి కాపడం పెడుతూ మాబున్ని అంది.

"నీ వయసు రాసిన కాయితం ఒకటుందే."

"యాడ?"

"కోర్టులో. మీ నాయన కేసులో."

జానీబీ కాపడం గుడ్డ లాగి అవతల పారేసింది.

నలభై ఏండ్ల కిందటి మాట. తండ్రి అలీ అహ్మద్ ఒక నాయకుడికి జీపు తోలేవాడు. ఒక పొద్దున నాయకుడు లేకుండా, రిపేరుకని జీపును జమ్మలమడుగు తీసుకుపోతున్నాడు. తొమ్మిదేండ్ల కూతురు సరదా పడితే పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కల్వర్టు దగ్గర మొదటి బాంబు అద్దం పగలగొట్టింది. రెండోది అతని ఒళ్ళోనే పడింది. జానీబీ తొడలో మేకులు దిగాయి. పొగ ఇంకా తేలకముందే కొడవళ్ళు పట్టుకుని నలుగురు వచ్చారు. అందులో ఒకడు తండ్రి తల జుట్టు పట్టి పైకెత్తి మొహం చూసి, "వీడు కాదురా, డ్రైవరు" అన్నాడు. అంటే అలీ అహ్మద్ పొరపాటున చచ్చాడు. పగ కూడా అతనిది కాదు.

ఆ మొహం చూసినవాడిని ఆ పిల్ల చూసింది. కేసు నడిచింది, కోర్టుకు పిలిచారు. సాక్ష్యానికి ముందురోజు ఇద్దరు మనుషులు ఇంటికొచ్చి, ఉయ్యాల్లో ఉన్న తమ్ముడు షఫీని ఎత్తుకుని కాసేపు ఆడించి, మళ్ళీ పడుకోబెట్టి పోయారు. ఒక్క మాట కూడా బెదిరించలేదు. ఆ రాత్రంతా మాబున్ని కూతురికి ఒకటే పాఠం నేర్పింది. కళ్ళు మూసుకున్నాను, ఎవరినీ చూడలేదు. పిల్ల కోర్టులో అదే అప్పజెప్పింది. ముద్దాయిలందరూ బయటికొచ్చారు.

మొదటి ముద్దాయి చంద్రమోహన్ తండ్రి. పెద్దాయన అంటారు. ఎనభై దాటింది. ఇప్పటికీ రోజూ మిల్లు ఆఫీసులో కొడుకు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, కూలీలను ఎంచేది ఆయనే. ఆయన వయసు ఎవరూ అడగరు. కొడుకుతో మిల్లుకొచ్చిన మొదటి రోజే జానీబీ ఆయన్ను గుర్తుపట్టింది. పని పనే అనుకుని తల దించుకుని మిషన్ చూసుకుంది. ఆయనకు ఈమె ఎవరో తెలియదు.

"ఆ కాయితం ఆయప్ప ముందర పెడతావా?" అంది మాబున్ని, చెప్పినందుకు అప్పుడే భయపడుతూ.

"వయసు ఉండే తావు మటుకే చూపిస్తా."

వకీలు గుమాస్తా హఫీజ్ నెలన్నర తిరిగి, రికార్డు గది నుంచి నకలు తెచ్చిచ్చాడు. రెండు పేజీలు, గుండ్రటి సీలు. హఫీజే చదివి వినిపించాడు. సాక్షి పేరు జానీబీ, తండ్రి పేరు లేట్ అలీ అహ్మద్, వయస్సు పది. కోర్టుకెక్కేసరికి ఆమెకు ఇంకో ఏడు నిండింది. తారీఖు ఉంది, లెక్కేస్తే నలభై తొమ్మిదికి సరిగ్గా సరిపోయింది. అది వినగానే జానీబీ ఏడ్చేసింది. తన సొంత వయసు ఒక సర్కారు కాగితం మీద ఉందన్న సంతోషం అది, మిగతాది ఆ నిమిషానికి చెవికెక్కనే లేదు.

మర్నాడు పనిలోకి ఎక్కే వేళకు మిల్లుకు పోయింది. కొంగు నడుముకు దోపుకునే పోయింది. బాలయ్య గేటు తీసి పక్కకు తొలిగాడు. ఆఫీసు వాకిట్లో ఆడవాళ్ళందరూ హాజరుకు నిలబడి ఉన్నారు, సుధ కూడా ఉంది. చంద్రమోహన్ కాగితం తీసుకుని, "ఇది చాల్లే, పది అనే ఉంది" అంటూ రెండో పేజీ తిప్పాడు. తిప్పినవాడు మొదటి ముద్దాయి పేరు దగ్గర ఆగిపోయాడు. కాగితం తండ్రికి అందించాడు.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తీరిగ్గా చదివాడు. తర్వాత ఆమె మొహం చూశాడు.

"అలీ అహ్మద్ కూతురివా?"

"అవునప్పా."

"కళ్ళు మూసుకున్నానని చెప్పినావు ఇందులో."

ఆమె కొంగు ఇంకోసారి బిగించి దోపుకుంది.

"ఏందంటే జానీబీ, కాయితమంటే అంతా ఒకటే. ఒక ముక్క నిజం, ఒక ముక్క అబద్ధం ఉండదు. కోర్టు సీలుంది. అంతా నిజమని ఈళ్ళందరి ముందర చెప్పు, పో మిషన్ కాడికి. అబద్ధమంటావా, వయసు కూడా అబద్ధమే, పో ఇంటికి." ఆయన గొంతులో కోపం లేదు. కూరగాయలు బేరమాడినట్టు అడిగాడు.

నిజం అంటే చాలు. రెండక్షరాలు. అవతల రోలర్లు తిరగడం మొదలైంది, ఆ శబ్దం ఆమెకు వినబడుతోంది. పని లేకపోతే ఏమవుతుందో ఈ రెండు నెలల్లో చూసింది. చెబుదామనే నోరు తెరిచింది. నిజానికి "అంతా" అనేదాకా వచ్చింది కూడా.

"చెప్పు, బాగనే చెప్తాండావు. అప్పుడు గూడా బాగ చెప్పినావు" అన్నాడు పెద్దాయన, నవ్వుతూ.

"అంతా అబద్ధం" అంది జానీబీ. "వయసొకటే నిజం. జీపు కాడికొచ్చి మా నాయన జుట్టు పట్టుకుని ఎత్తినావు. వీడు కాదురా అన్నావు. నా గడ్డం పట్టుకుని, కళ్ళు మూసుకోమ్మే అన్నావు. నేను మూసుకోలా. నిన్ను చూసినా."

పెద్దాయన కాగితాన్ని నిలువునా చించాడు. రెండు పేజీలు నాలుగు ముక్కలయ్యాయి. "యాభై తొమ్మిది" అన్నాడు కొడుకుతో. "తర్వాత పేరు పిలువు."

ఆయన చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది. జానీబీ దాన్ని తీసుకోవడం అందరూ చూశారు, ఆపాలని ఎవరికీ తోచలేదు. మొదటి దెబ్బకు కళ్ళజోడు పగిలి అద్దం కనుబొమలోకి దిగింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు, పడిన తర్వాత కూడా ఆమె కొట్టింది. కర్ర విరిగాక చేతులతో కొట్టింది. నెత్తురు ఆయన తెల్ల చొక్కా మీద, చిరిగిన కాగితాల మీద, నేలంతా పరుచుకున్న దూది మీద పడింది. చంద్రమోహన్, ఇద్దరు మనుషులు ఆమెను లాగి గోడకేసి కొట్టారు. కిందపడితే తన్నారు. కుడి ముంజెయ్యి విరిగిన చప్పుడు సుధకు వినిపించింది. సుధ మూడు వేళ్ళ చేత్తోనే చంద్రమోహన్ చొక్కా పట్టుకుని, "చస్తాదప్పా, ఇడ్సు" అని వేలాడింది. బాలయ్య లాఠీ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరిని కొట్టాలో తెలియక నిలబడే ఉన్నాడు.

పెద్దాయన చావలేదు. ఒక కన్ను పోయిందని తర్వాత తెలిసింది.

స్టేషన్‌లో జానీబీని బల్ల ముందు నేల మీద కూర్చోబెట్టారు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కింది పెదవి రెండుగా చీలి మాట సరిగా రావటం లేదు. సంచీ, సంచీలో కార్డు, అన్నీ మిల్లులోనే ఉండిపోయాయి. రైటరు పెన్ను విదిలించి మొదలుపెట్టాడు.

"పేరు?"

"జానీబీ."

"మొగుని పేరు?"

"గఫూర్. లేడు."

"వయసు?"

ఆమె తలెత్తి అతన్ని చూసింది. "నలభై తొమ్మిది."

రైటరు రాసుకున్నాడు. కార్డు చూపమనలేదు, పుట్టిన తేదీ కాగితం తెమ్మనలేదు, ఎందుకని కూడా అడగలేదు.

"ఏం రాసినావు నాయనా? ఒకసారి చదువు."

అతను చిరాకుపడ్డా, ఆమె మొహం చూసి చదివాడు. "నిందితురాలు జానీబీ, భర్త లేట్ గఫూర్, వయస్సు నలభై తొమ్మిది, వృత్తి ఏమీ లేదు."

"ఏమీ లేదు గాదు. జిన్నింగు మిల్లులో పని."

"ఇప్పుడు లేదు గదమ్మా" అన్నాడు రైటరు.