ఊక బూడిదలో లారీ ఇరుసు

డెబ్బైల్లో భవానీపురంలో మా పెరట్లో ఇనుము తిప్పి చెక్కే చిన్న లేతు మిషను నాకొకటి ఉండేది. మా బావగారి పొలంలో నీళ్ల పంపుకు షాఫ్టు చేద్దామని పాత ఇనుము కొట్లో లారీ ఇరుసు ముక్క కొన్నాను. అది మొండి అల్లాయ్ స్టీలు. ఎర్రగా కాల్చి, ఊక బూడిదలో పూడ్చి, నిదానంగా చల్లారనిస్తే గానీ కోతకు లొంగదు. అలాగే పూడ్చిపెట్టి ఆఫీసుకు వెళ్లాను.

మర్నాడు లేతుకు ఎక్కిస్తే టూలు మొన విరిగి ఎగిరొచ్చి నా కనుబొమ చీల్చింది. ఆ నెత్తురుతోనే కొట్టుకు వెళ్లి, "పనికిమాలిన సరుకు అంటగట్టావు, దొంగవి నువ్వు" అని పదిమందిలో కొట్టాయన్ని తిట్టాను.

ఆ పెద్దాయన ముక్కను ఆకురాయితో గీసి చూశాడు. గీత పడలేదు. "ఇంత గట్టిపడిందంటే, వేడి మీద నీళ్లు పోశారాండీ?" అన్నాడు.

"నాకు నేర్పొచ్చావా?" అని ఇంకో నాలుగు తిట్టి వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ కట్టు కడుతూ, "నిన్న మీరటు వెళ్లగానే పొగ వస్తోందని పక్కింటావిడ గొడవ పెట్టుకుంటే, నేనే రెండు బిందెల నీళ్లు కుమ్మరించానండీ" అంది.

తప్పు ఒప్పుకుందామని మళ్లీ వెళ్లాను. నేను నోరు తెరవకముందే, వెనక ఇరుసుల గుట్ట కనిపిస్తుండగానే, "మీకివ్వడానికి మా దగ్గర ఇనుము లేదండీ" అన్నాడాయన.

కనుబొమ గాయం వారంలో మానింది. నేను 'నువ్వు' అన్నా ఆయన వదలని ఆ 'అండీ' మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.