డాక్టరుకు చెప్పిన తప్పుడు టైం

కోదాడలో పెద్దవయసు వాళ్లకు, పక్షవాతానికి చూసే డాక్టరు ఒకాయన ఉన్నారు. రెండేళ్ల క్రితం మా బాపును తీసుకెళ్తే, "నువ్వు జర ఊకోమ్మా, పెద్దాయనను చెప్పనీ" అని నలుగురిలో నా నోరు మూయించారు. అలా అనాల్సింది కాదని ఇప్పటికీ అంటాను. ఆ గడప మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను.

పోయిన ఏడాది ఒకరోజు పొద్దున ఏడింటికి చాయ్ తాగుతుంటే బాపు మూతి వంకరపోయింది, కుడిచేయి వాలిపోయింది. "దగ్గరున్న డాక్టరును ఇడిసిపెట్టి యాడికే?" అని అమ్మ మొత్తుకుంటున్నా, కారును మిర్యాలగూడకు పోనిచ్చాను. అక్కడి డాక్టరు వచ్చేదాకా కూర్చుంటే, చూసి, "దీనికి డాక్టరు మీ కోదాడలోనే ఉన్నడు కదమ్మా!" అన్నారు.

తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. "ఎప్పుడు మొదలైంది?" అని ఆ కోదాడ డాక్టరే అడిగితే, ముందు వేరే ఊరు పోయొచ్చామని చెప్పుకోలేక సిగ్గుతో "పదింటికి" అన్నాను. స్కాన్ అయ్యాక నర్సు ఇంజెక్షన్ సిద్ధం చేసింది.

"ఇది రక్తపు గడ్డను కరిగించే మందు. నాలుగున్నర గంటలు దాటినంక ఇస్తే మెదడుల రక్తం కారి పాణమే పోవచ్చు. టైం పక్కానేనా?" అన్నారాయన.

"ఏడింటికి సార్. అబద్ధం చెప్పిన" అన్నాను. ఆయన ఇంజెక్షన్ తీసెయ్యమని నర్సుకు చెప్పారు. తిట్టినా బాగుండేది.

బాపు బతికాడు, కుడిచేయి మాత్రం రాలేదు. రోజూ నేనే తినిపిస్తాను. "నీకెంత తిప్పలొచ్చె బిడ్డా" అని ఆయనే నొచ్చుకుంటాడు. పొద్దుననే ఇక్కడికి తెచ్చి ఉంటే ఆ మందు పడేదని ఆయనకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

– ఒక పాఠకురాలు, కోదాడ