అల్లం కడిగే మిషన్, శంకరప్ప వేలు

మా వీధిలో శంకరప్పను అందరూ ఆటపట్టించేవాళ్లు. తనకు జ్వరమొస్తే ఒక గోలీ మింగి పడుకునే మనిషి, నీళ్లు జోరుగా చిమ్మి అల్లం కడిగే పెట్రోలు ప్రెషర్ మిషన్ చప్పుడు కాస్త తేడాగా వినిపిస్తే మాత్రం అన్నం మానేసి దాని పక్కనే కూర్చునేవాడు. "నీ పెండ్లాం నేనా, అదా?" అని భార్య బసమ్మ కూడా నవ్వేది.

అల్లం తవ్వే రోజుల్లో ఆ మిషన్‌ను ఆటో ట్రాలీలో వేసుకుని జహీరాబాద్ చుట్టుపక్కల చేలన్నీ తిరుగుతాడు. కరెంటు లేనిచోట, తవ్విన అల్లాన్ని తవ్విన దగ్గరే కడిగివ్వడం అతని పని. ధార సన్నగా తగిలితే తొక్క లేచి అల్లం కుళ్లుతుందని వెడల్పుగా చిమ్మే నాజిలే పెడతాడు. ఇంజిన్ తాడు లాగే ముందు ఆయిల్ చూస్తాడు. నీళ్ల తొట్టిలో వేసే పైపు కొసన జాలీ కడిగి బిగిస్తాడు. మట్టి, రాళ్లు లోపలికి పోకుండా ఆపేది ఆ జాలీయే. ఇంజిన్ ఆపాక నీళ్లు చిమ్మే గన్ నొక్కి, పైపులో మిగిలిన నీళ్ల జోరు వదిలించాకే పక్కన పెడతాడు. సీజన్ అయిపోతే పెట్రోలంతా తీసేసి, ఆయిల్ మార్చి, దుప్పటి కప్పుతాడు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పోయిన ఏడాది రాయికోడ్ దగ్గర సదాశివ పటేల్ చేనుకు పోయాడు. అల్లం రేటు బాగుంది, లారీ వచ్చి నిలబడింది, పటేల్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. జాలీకి బురద పట్టి నీళ్లు తగ్గినప్పుడల్లా శంకరప్ప మిషన్ ఆపి దాన్ని కడుగుతున్నాడు.

"గిట్ల ఆపుకుంట కూసుంటే లారీ ఎప్పుడు కదుల్తది శంకరప్పా?"

"ఆపకుంటే పంపు ఖరాబైతది పటేలా. జర ఆగున్రి."

కాసేపటికి శంకరప్ప సద్ది తినడానికి గట్టు మీదికి పోయాడు. తిరిగొచ్చి ఇంజిన్ స్టార్ట్ చేస్తే నీళ్లు జోరుగా వచ్చాయి, అంతలోనే నాజిల్ మూసుకుపోయింది. ఇంజిన్ ఆపి, ఎప్పటిలాగే గన్ నొక్కాడు. చుక్క రాలేదు. జోరు పోయిందనుకున్నాడు. ఎడమచేత్తో గన్ నొక్కిపట్టి, కుడిచేత్తో పిన్నీసు పెట్టి నాజిల్ పొడిచాడు. ఇరుక్కున్న రాయి ఊడింది. దాని వెనక జోరు తగ్గకుండా ఆగిన బురదనీళ్లు అతని కుడి చూపుడువేల్లోకి దూసుకుపోయాయి.

చూస్తే పైపు కొసన జాలీ లేదు. తొట్టి పక్కన పటేల్ తువ్వాల మీద ఉంది.

"నేనే తీసిన, నీళ్లు మంచిగొస్తయని," అన్నాడు పటేల్. వేలు చూసి, "సూది గుచ్చినంత లేదు. పసుపు పెట్టుకో, లోడు కానియ్యి," అన్నాడు.

నెత్తురు కూడా సరిగ్గా రాలేదు. శంకరప్ప నమ్మాడు. జాలీ బిగించుకుని మిగిలిన అల్లమంతా కడిగాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. చిన్న చప్పుడు తేడా వస్తే మిషన్ ఆపేవాడు, వేలు సలుపుతుంటే ఆగలేదు. మూడో రోజు బసమ్మ పోరుపెట్టి దవాఖానకు తీసుకుపోయేసరికి వేలు నల్లబడింది. ఆ రోజే వస్తే దక్కేదన్నారు డాక్టర్లు. వేలు తీసేశారు.

తర్వాత రాయికోడ్‌లో పటేల్ చెప్పుకున్నది వేరు. శంకరప్పకు మిషన్ పట్టుకోవడం రాదట. జాలీ సంగతి నలుగురిలో చెప్పమని నేను పోట్లాడాను.

"చెప్తే ఆ దిక్కు ఎవడన్న పనికి పిలుస్తడా?" అన్నాడు శంకరప్ప.

ఈ ఏడాది మళ్లీ పటేల్ ఫోన్ చేశాడు. నేను అక్కడే ఉన్నాను.

"వేలు తీసిన్రంట గద. మిషన్ అయితే మంచిగనే ఉన్నది గదా?"

శంకరప్ప తీసేసిన వేలి మొండిని చూసుకున్నాడు. "మంచిగనే ఉన్నది పటేలా. పొద్దుగాల్నే వస్త," అన్నాడు.

తెల్లారి జాలీ చుట్టూ బైండింగ్ వైరు చుట్టి, కటింగ్ ప్లేయర్‌తో తప్ప ఊడనంత గట్టిగా మెలేశాడు. వేలు లేని చేతిలో ప్లేయర్ రెండుసార్లు జారింది. పని అయ్యాక దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఇగ పటేల్ ఎట్ల తీస్తడో చూస్త. మిషన్‌కు ఫికర్ లేదు," అన్నాడు.

బసమ్మ ఈసారి నవ్వలేదు. సద్ది డబ్బా తెచ్చి ముందుకు చాపింది.

"మిషన్‌కేం, దానికి నువ్వున్నవ్," అంది.

అతను డబ్బాను ఎడమచేత్తో అందుకున్నాడు.