ఉడికిన పప్పు, పచ్చి లెక్క

మణికొండలో మేముండే వీధిలో కూరగాయల కొట్లకంటే జిమ్ములు ఎక్కువ. ఆ ఒక్క సంగతి చాలు ఇక్కడివాళ్ళ తెలివి తెలియడానికి. ఇనుము ఎత్తడం గంట పని. తినడం మిగతా రోజంతా పని. ఆ గంట కోసం అద్దాల మేడలెక్కి చెమటలు కక్కేవాళ్ళు, మిగతా రోజును ఎవడో ఫోనులో పంపిన చార్టుకు అప్పగించేస్తారు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుండగానే అద్దం ముందు చొక్కా పైకెత్తి పొట్ట చూసుకుంటారు. పొద్దున లేనిది సాయంత్రానికి మొలుస్తుందని కాబోలు.

మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, ఆ బాపతే. మా ఫ్లాట్‌లోనే ఉంటాడు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడి ఆఫీసుల వాళ్ళు ఏటా కలిసి దేహదారుఢ్య పోటీ పెట్టుకుంటారు. కిందటేడు వీణ్ణి మొదటి విడతలోనే వేదిక దించేశారు. ఈసారి చివరి అయిదుగురిలో నిలబడి తీరాలని పంతం పట్టాడు. ఆ మాట ఆఫీసంతా చెప్పుకున్నాడు కూడా, ఇక వెనక్కి తగ్గడానికి వీల్లేకుండా.

వాడి జిమ్ములో ఒక కోచ్ ఉన్నాడు. చేతులు తొడలంత ఉంటాయి. మెడకు పైభాగం గురించి నేను చెప్పను. నలభై అయిదు కేజీల అమ్మాయికీ, నూట పది కేజీల మేనేజరుకీ ఒకటే చార్టు పంపిస్తాడు: ఓట్స్, బ్రోకలీ, గుడ్డు తెల్లసొన, ఉడికించిన చికెన్. అన్నం మాత్రం విషం. మావాడు ఆ చార్టును సుప్రభాతంలా రోజూ ఒకసారి చదువుకునేవాడు.

ఇంతలో కార్తీకం వచ్చింది. ఆ నెల మా ఇంట్లోకి గుడ్డు పెంకు కూడా రాదు. పోటీ సరిగ్గా ఆ నెలాఖరుకే పడింది. బయట కూడా ముట్టనని మావాడు అక్క చేతిలో చెయ్యి వేశాడు. ఇక మిగిలింది ప్రోటీన్ పొడి డబ్బా. నా భార్య కళ్ళజోడు పెట్టుకుని దాని వెనక ఉన్న సన్న అక్షరాలు చదివింది.

"ఇది తయారుచేసే చోట గుడ్లు కూడా వాడతారట."

"అక్కా, అది పాల నుంచి తీసిన పొడే."

"అయితే పాలు తాగు."

డబ్బా బాల్కనీలో చెప్పుల పక్కకు చేరింది.

వాడు దిగులుగా కోచ్ దగ్గరికి పోతుంటే తోడుగా నేనూ వెళ్ళాను. "ఎందుకు పరేషాన్ అయితవ్ తమ్మీ," అన్నాడు కోచ్. "పప్పు తిను. వంద గ్రాముల కందిపప్పుల ఇరవై రెండు గ్రాముల ప్రోటీన్ ఉంటది. యాప్‌ల చూస్కో." అంతకుముందు వాడి నోట అంత సరైన మాట నేను వినలేదు. మావాడు దాన్ని కూడా చెడగొట్టగలడని అప్పటికి నాకు తెలియదు.

రెండు వారాలయ్యేసరికి మావాడి బుగ్గలు లోపలికి పోయాయి. దసరాకు అవలీలగా ఎత్తిన బరువు ఇప్పుడు ఛాతీ మీద నుంచి లేవడం లేదు. కోచ్ తీర్పు చెప్పాడు: "నిద్ర సాల్తలేదు తమ్మీ. ఫోన్ జర తక్కువ చూడు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మావాడు తన తూకం మిషన్ మీద గిన్నె పెట్టి, పప్పు పోసుకుని, ఫోనులో ఏదో కొట్టాడు.

"అరవై ఆరు," అన్నాడు తృప్తిగా.

"ఏంటి అరవై ఆరు?"

"ప్రోటీన్, బావగారూ. మూడు వందల గ్రాముల పప్పు. మధ్యాహ్నం క్యారేజీలోనూ ఇంతే. మొత్తం నూట ముప్ఫై రెండు. నా బరువుకి సరిపడా వచ్చేసిందని పెరుగు కూడా మానేశాను."

నేను గరిటెతో పప్పు తీసి పైనుంచి ధారగా వదిలాను. "ఇందులో కందిపప్పు ఎంతుందిరా?"

"మూడు వందలు. మీ కళ్ళముందే తూచాను కదండీ."

"మరి కుక్కర్లో మీ అక్క పోసిన నీళ్ళు ఎటు పోయాయి?"

వాడు గిన్నె వైపు చూశాడు. తర్వాత ఫోను వైపు చూశాడు. నేను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేస్తాను. తడి సరుకు తూకం వేరు, ఆరిన సరుకు తూకం వేరు అన్నది అక్కడ మా మొదటి పాఠం. ఆ మాటకొస్తే ఫ్యాక్టరీ దాకా పోనక్కర్లేదు. పప్పు ఉడికితే మూడింతలవుతుందని పొయ్యి వెలిగించిన ఎవరికైనా తెలుసు. యాప్ చెప్పిన ఇరవై రెండు పచ్చిపప్పుకు. వీడు తూచింది ఉడికిన పప్పు. గిన్నెకు వచ్చేది ఇరవై రెండే, రెండు పూటలకు నలభై నాలుగు. ఇన్నాళ్ళూ మావాడు కుళాయి నీళ్ళను కండ కింద జమ వేసుకుంటున్నాడు.

"బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాస్తావు కదరా. అక్కడా ఇంతేనా?"

"అక్కడ తప్పులు పట్టడానికి వేరే టీము ఉంటుంది బావగారూ."

వంటింట్లోంచి నా భార్య కేకేసింది. "నా పప్పు నీళ్ళపప్పు అంటున్నారా ఏంటి?"

"నీ పప్పు చిక్కగానే ఉంది. మీ తమ్ముడి లెక్కే పలచన."

మర్నాటి నుంచి ఆవిడ రంగంలోకి దిగింది. పొద్దున పనీరు తురిమిన పెసరట్లు, మధ్యాహ్నం మీల్ మేకర్ కూర, సాయంత్రం వేరుశనగలు, రెండు పూటలా గడ్డపెరుగు. పప్పు ఉండనే ఉంది. కోచ్ బహిష్కరించిన అన్నం కంచంలోకి తిరిగొచ్చింది, బరువులెత్తే సత్తువ గాలిలోంచి రాదు కనుక. ఇంట్లో నేను పెట్టిన నియమం ఒక్కటే: పొయ్యి ఎక్కకముందే తూకం. మీల్ మేకర్ నానబెట్టి తూచబోతే చేతిలోంచి గిన్నె లాక్కున్నాను. అదేగనక వదిలేస్తే వీడు మళ్ళీ నీళ్ళు తిని బలిసేవాడు.

పోటీ వారం ఉందనగా బరువు మళ్ళీ లేచింది. బుగ్గలూ పూడాయి. కోచ్ నా వైపు తిరిగి, "చూసిన్రా అన్నా, నిద్ర మంచిగ పోతున్నడు," అన్నాడు. గోడకు ఎవరూ జవాబివ్వరు.

పోటీ రోజు నేనూ నా భార్యా ముందు వరుసల్లోనే కూర్చున్నాం. నిన్నటిదాకా కుర్చీల్లో కూలబడి టైపు చేసినవాళ్ళు నూనె పూసుకుని లైట్ల కింద వంకాయల్లా నిగనిగలాడుతున్నారు. మావాడు మొదటి విడత దాటాడు. రెండోదీ దాటాడు. చివరి అయిదుగురిలో నిలబడ్డాడు. నాలుగో స్థానం వచ్చింది.

మైకు పట్టుకున్న కుర్రాడు వాడి భుజం తట్టాడు. "బ్రో, ఈ బాడీ సీక్రెట్ ఏంటి? ఏం తింటావ్?"

నా భార్య పైట సర్దుకుని కూర్చుంది. పెసరట్ల పేరు మైకులో వస్తుందని ఆవిడ ఆశ.

"చికెన్ బ్రెస్ట్, ఎగ్ వైట్స్," అన్నాడు మావాడు. "చికెన్ రోజుకి ఆరు వందల గ్రాములు."

హాలంతా చప్పట్లు కొట్టింది. వేదిక పక్కన కోచ్ ఛాతీ ఇంకాస్త విరిచాడు. మీల్ మేకర్‌తో పెరిగిన కండకు ఆ హాల్లో మర్యాద ఉండదని మావాడికి బాగా తెలుసు. తిండి గురించి వాడు నేర్చుకున్నది అంతే.

నా భార్య నా వైపు వంగి నెమ్మదిగా అడిగింది.

"కార్తీకంలో తినకుండానే తిన్నానని చెప్తే, పాపం తగులుతుందంటారా?"

"ఆరు వందలు పచ్చిదో, ఉడికిందో చెప్పలేదుగా," అన్నాను. "ముందు అది తేలనీ."