ఈశ్వరక్క తాగని కాఫీ

నిన్న పొద్దున ఏడింటికి శ్రీను ఫోన్ చేశాడు. ఈశ్వరక్క కొడుకు.

"పిన్నీ, అమ్మ పోయింది. పాలు పొయ్యి మీద పెట్టి అట్లనే కూలబడింది. డాక్టర్ వచ్చేలోపే..."



ఫోన్ పెట్టేశాక, ఏడుపు రాకముందే, ఒక ఆలోచన వచ్చింది.

శుక్రవారం అరుణాచలం బండికి ఇంక వంట ఎవరు చేస్తారు?

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ మొదట వచ్చింది అదే. రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఈశ్వరక్క మా పెద్దమ్మ కూతురు. కొమరోలు దగ్గర పల్లెలో సేద్యం, సంసారం. ఏడాదికి రెండుసార్లు మా చుట్టాలందరం టెంపో మాట్లాడుకుని యాత్రకు పోతాం. బియ్యం మూట, గ్యాస్ పొయ్యి, పచ్చడి జాడీలు, ఈశ్వరక్క. ఈ నాలుగూ ఎక్కాకే బండి కదిలేది.

బావకు బయట తిండి పడదు. అందుకని.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూప్ నిండా RIPలే. "దేశమంతా తిరిగిన అదృష్టవంతురాలు" అని ఒకరు పెట్టారు. దాని కింద ఇరవై దండాలు.

తిరిగింది. నిజమే.

కాశీ నుంచి వచ్చాక అడిగాను, "గంగ ఎట్లుందక్కా?" అని.

"సత్రంలో కొళాయి బాగుంది మే. ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు."

రామేశ్వరం?

"ఉప్పు నీళ్లు. పప్పు సచ్చినా ఉడకలా."

జోక్ అనుకుని పడీపడీ నవ్వాను. కాలేజీ స్టాఫ్‌రూములో చెప్పి అందరినీ నవ్వించాను కూడా. ఆమె జోక్ చెయ్యలేదు. చూసింది చెప్పింది.

లాడ్జి అంటే మనం ఏసీ ఉందా, గీజర్ ఉందా అని చూస్తాం. ఆమె అడిగేది ఒకటే. రూములో పొయ్యి పెట్టుకోనిస్తారా, లేదా?

ఒకసారి మార్కాపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు, నేను కాఫీ కలపబోతే నా చేతిలో గిన్నె లాక్కుంది. తనే కలిపింది. కలుపుతూ అంది.

"సరళా, నువ్వూ నేనూ ఎక్కడికన్నా పోదాం మే. మనిద్దరమే. రూములో కూచుంటే ఎవురో కాఫీ తెచ్చియ్యాల. అది తాగతా కిటికీలోంచి చూడాల. అంతే."

"ఏం చూస్తావక్కా?"

"ఏదో ఒగటి. ఊరికే."

అరకు పోదాం అన్నాను. కాఫీ పండే చోటే కాఫీ తాగుదువులే అన్నాను. కిటికీ ఉన్న రూము బుక్ చేశాను.

తర్వాత నేను చేసిన తప్పు చాలా చిన్నది. సంతోషం పట్టలేక ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. నేనూ అక్కా అరకు పోతున్నాం అని.

మా వాళ్ల సంగతి తెలిసి కూడా పెట్టాను.

గంటలో బావ ఫోన్. "ఇద్దురాడోళ్లు అంత దూరం ఏం పోతారు లేమ్మా. అందరం పోదాం. టెంపో మాట్లాడినా."

సాయంత్రానికి పద్నాలుగు మందిమి అయ్యాం.

వద్దు బావా అనొచ్చు. అనలేదు. మొహమాటమా? లేక అక్క వస్తుంది కాబట్టి నాకూ వేళకు అన్నం దొరుకుతుందని ఎక్కడో లోపల అనిపించిందా? నిన్నటి నుంచి ఇదే తొలుస్తోంది.

అరకులో గెస్ట్ హౌస్ వెనక రేకుల షెడ్డు. అక్క రెండు రోజులూ అక్కడే. బయట తిండి పడని బావ రోడ్డు పక్కన బొంగులో చికెన్ రెండుసార్లు తిని వచ్చి, "చారన్నం పెట్టు, నోరు బాగలేదు" అన్నాడు.

రోడ్డుకు అవతలే కాఫీ కొట్టు. రెండు బల్లలు, ఎదురుగా కొండ.

"రా అక్కా, ఒక్క కాఫీ తాగొద్దాం," అన్నాను.

"పాలు పొయ్యి మీదుండాయి మే, పొంగిపోతాయి. నువ్వు తాగిరా పో."

గిద్దలూరు నుంచి తెచ్చిన పొడితో, పద్నాలుగు మందికి, అరకులో కాఫీ కాస్తోంది.

నేను పోయాను. బల్ల మీద కూర్చుని, కొండ చూస్తూ తాగాను. ఫొటో తీసి స్టేటస్ పెట్టాను.

తిరిగొస్తే అడిగింది, "ఎట్లుంది?"

"బాగుందక్కా."

"మన పొడి కంటేనా?" అని నవ్వింది. మళ్లీ గిన్నె వైపు తిరిగింది.

ఒక కప్పు పట్టుకురావాలని నాకు తట్టలేదు.

రోడ్డు దాటితే చాలు. తట్టలేదు. ఎమ్మే చదివాను, ఆడవాళ్ల కష్టాల మీద స్టేజీలెక్కి మాట్లాడతాను. తనకేం కావాలో ఆమె నోరు తెరిచి చెప్పిన ఒకే ఒక్క మనిషిని నేను. నాకే తట్టలేదు.

"మళ్లీ పోదాం లేక్కా, ఈసారి ఎవురికీ చెప్పం," అని దారిలో అన్నాను. నాలుగేళ్లయింది.

బావ ఒక్కడినే అనలేను. ఆ పొయ్యి దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడిన వాళ్లలో నేనూ ఉన్నాను.

నిన్న నేను పోయేసరికి వరండాలో శుక్రవారం బండికి సర్దిన సంచి ఉంది. కారప్పొడి, చింతపండు, కాఫీ పొడి.

చావింట్లో పొయ్యి వెలిగించరు కదా. పొద్దున శ్రీను ఆపిన పొయ్యి మళ్లీ వెలగలేదు. పక్కింటి వాళ్లు పెద్ద గిన్నె నిండా కాఫీ కాచి తెచ్చారు. వచ్చిన వాళ్లందరికీ గ్లాసుల్లో పోసి, కూర్చున్న చోటికే తెచ్చిచ్చారు.

ఆ ఇంట్లో వేరే వాళ్లు కాచిన కాఫీ రావడం నేను చూడటం అదే మొదటిసారి.

అక్కను కిటికీ కిందే పడుకోబెట్టారు.

నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తాగలేకపోయాను.

పోయిరా అక్కా. ఈసారి బండిలో మేమెవ్వరం లేము. అక్కడ ఎవరన్నా కాఫీ తెచ్చిస్తే కూచోని తాగు. గ్లాసు కడగడానికి లేవొద్దు.

ఇకనైనా నీకు నెమ్మది దొరకాలి.