చౌడేపల్లె మన్ను

క్షయకు అమెరికాలో మందు దొరికిందట, అది మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుంచి వచ్చిందట. సెలవులకు పుంగనూరు వచ్చిన నేను పొద్దున బీడీల అంగట్లో పేపరు చదివి అక్కడ చేరినవాళ్లకు ఈ సంగతి వినిపించాను. జీవశాస్త్రం విద్యార్థిని కదా, గొప్పగా వివరించాను కూడా.

సాయంత్రం దర్జీ ఖాదర్ సాయిబు తువ్వాలులో మూటతో మా ఇంటికి వచ్చాడు. ఆయన కూతురికి కొన్నాళ్లుగా దగ్గితే రక్తం పడుతోంది.

"సౌడేపల్లె సేని మన్నప్పా. రాళ్లన్నీ ఏరేసినా. బిడ్డకు ఎట్ల ఇయ్యాలో సెప్పు" అన్నాడు.

మట్టి నుంచి మందు తీయడం నాకు రాదన్నాను.

"ఈడే పెట్టిపోతానప్పా. సదువుతాండావు గదా, నేర్చుకో. అంతవరకు బిడ్డను సూసుకుంటా."

మూట నా పుస్తకాల పక్కనే ఉంది. అంతవరకు ఆ పిల్ల ఉండదని మీరైతే చెప్పగలిగేవారా?