ఆకరోడి సేతిలో యాపమండ

రాస్తన్నావేటే గుంటా? ఆ కిటికీ మూసీ. ఈదిలో తారు మరగబెడతన్నారు. ఆ వాసనొస్తే సాలు, యాబై ఏళ్లు దాటిపోయినా నా అరసేతులు సెమట పట్టేస్తాయి. అప్పలసోవి మేస్త్రి గురించి సెప్తాను, రాయి. నువ్వాయన్ని సూడనేదు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. రామతీర్థం ఎల్లే రోడ్డు పన్లో ఉండీదాన్ని. జీడితోట మలుపు కాడ రోడ్డు సగం తవ్వేసినారు, మనిషి లోతు గొయ్యి. మిగిలిన సగంలో ఒక్క పక్కోళ్లే ఎల్లగలరు. మలుపు వల్ల ఈ కొసకి ఆ కొస కనపడదు. ఈ కొసన ఎర్రజెండాతో నాను, ఆ కొసన మేస్త్రి. ఆయన సైకిళ్లని ఒదిలినప్పుడు ఆకరోడి సేతికి యాపమండ ఇచ్చీవోడు. ఆ మండ నాకు సేరితే దారి కాళీ అని గుర్తు. అప్పుడు నాను నా పక్కోళ్లని ఒదిలి, నా ఆకరోడి సేతికి అదే మండ ఇవ్వాల. సైకిలోళ్లు దిగి నడవాల.

"ఏటే, రోడ్డు మీ మావదేటి?" అని ఎకసెక్కాలాడీవోరు. ఏటనాలో మేస్త్రే నేర్పినాడు: "రోడ్డు మా మావది కాదు బావా. దిగకపోతే గొయ్యి మాత్రం నీదే." సాయంత్రం జెండాలు సుట్టేటప్పుడు మాత్రం నవ్వీవోడు కాదు. "ఆకరోడి మొకం సూసినావా?" అని అడిగీవోడు. రోజూ అదే మాట.

ఒక మద్దినేల నా కొసన కంకర లారీ ఆగి హారను మోగించేస్తన్నాది. ఇంతలో మలుపులోంచి ఒకాయన సైకిలు నడిపించుకుంటా వచ్చినాడు. హేండిలుకి యాపమండ. నాను జెండా దించేసినాను. లారీ లోపలికెల్లిపోయినాది. అప్పుడు సెయ్యి సాపి "మండ ఇచ్చీ బావా" అన్నాను.

"ఇదేటి ఇచ్చీది? మా పిల్లకి అమ్మోరు పోసింది, పక్కలో ఎయ్యడానికి కోసుకెల్తన్నాను. మీ మండ ఎనకోల కాడున్నాది."

లారీ ఎనకాల పరిగెట్టినాను. పరిగెడతన్నంతసేపూ ఎవుడి కేకొస్తాదో అని సెవులు మూసుకోవాలనిపించింది.

మలుపులో లారీ ఆగున్నాది. దాని ముందు జానెడు దూరంలో మేస్త్రి, సేతులు బార సాపుకొని. ఇటుపక్క నుంచి లారీ మోత ఇని పరిగెట్టుకొచ్చేసినాడట. ఆయన ఎనకాల ఒకాయన సైకిలు ముందు సక్రం గోతి మీద గాల్లో తిరగతన్నాది. ఆ సైకిలాయన సంకలో కూతురు. మా మండ ఆ పాప పిడికిట్లో ఉన్నాది.

మేస్త్రి నన్ను తిట్టనేదు. కంకర కుప్ప మీద కూలబడి సుట్ట ముట్టించబోయినాడు. అగ్గిపుల్లలు ఒకటెనక ఒకటి ఆరిపోతన్నాయి.

"రేపు నాను రాను మేస్త్రీ. ఇంకెవులికైనా ఇచ్చీ జెండా."

"నువ్వే రావాల. నాకూ కాళ్లు ఒణుకుతన్నాయే, సూడు. ఒణుకు తెలిసినోల సేతిలోనే జెండా ఉండాల." తన తలగుడ్డ అంచు సింపి ముడేసినాడు. "మండ ఒగ్గేయ్. రేపట్నుంచి ఆకరోడి సేతికి ఈ గుడ్డ ముడి. ఇలాటిది ఇంకెవులింట్లోనూ ఉండదు."

ఆయన పోయి శానా ఏళ్లయింది. మీరు రోడ్డు దాటతంటే గుమ్మంలో నిలబడి, ఆకరోడి మొకం సూసీదాకా లోపలికి రానని నవ్వుతారు కదా, నవ్వండి.

అవునే, నిన్న బడినుంచి ఆ తారు పక్కనుంచే వచ్చినావు. సైకిలు దిగి నడిసినావా? కలం కింద పెట్టు. ముందది సెప్పు.